రాహుకాలంలో తీసిన బొమ్మ

ఓబులేసు ఫోటో మళ్లీ పేపర్లో పడింది.

శుక్రవారం పొద్దున నంద్యాల సర్కిల్ ఇన్‌స్పెక్టర్ జీవరత్నం టీ గ్లాసు పట్టుకొని జిల్లా పేజీ తిప్పేసరికి, మీసం దువ్వుకొని నవ్వుతూ ఆ మొహమే ఎదురైంది. 'డాక్టరు సూదికి రైతు బలి. గుట్టు విప్పిన ఆళ్లగడ్డ సి.ఐ.' అని పైన పెద్దక్షరాలు. పద్నాలుగేళ్ల కిందట తన కింద ఎస్సైగా చేరిన పిల్లోడు. పంచనామా రాయడం తన పక్కన కూర్చొని నేర్చుకున్నోడు. వాడికి రెండు మెడల్సు, కొత్త జీపు, డీఎస్పీ నోట ఎప్పుడూ 'మన ఓబులేసు'. తనకేమో పదేళ్లుగా అదే కుర్చీ, అదే డొక్కు జీపు. ఇప్పుడు తన ఊళ్లో, తన స్టేషనుకు కూతవేటు దూరంలో జరిగిన చావును కూడా వాడే తన్నుకుపోయాడు. జీవరత్నానికి కడుపు భగ్గున మండింది. పేపరు నాలుగు మడతలు పెట్టి కుర్చీలో వేసి, దాని మీదే కూర్చొని టీ తాగాడు.

సంగతేమిటంటే, మంగళవారం, అంటే శివరాత్రికి ముందురోజు, ఆళ్లగడ్డ కాడ శనగల గోడౌను నడిపే పెద్దరైతు మద్దిలేటి పనిమధ్యలో గుండె పట్టుకొని కూలబడ్డాడు. హమాలీలు మోసి జీపులో వేస్తే, తమ్ముడు గణేశ్ నంద్యాలకు తెచ్చి ఆదినారాయణ నర్సింగ్ హోంలో దించాడు. ఆ పూట కాజువాలిటీలో ఉన్నది డాక్టర్ గాయత్రి. నలభై నిమిషాలు పెనుగులాడింది. మనిషి దక్కలేదు. పోస్టుమార్టంలో గుండె చుట్టూ రక్తం, గుండెకు సన్నటి బొక్క, ఛాతీ మీద రెండు సూది గుర్తులు కనబడ్డాయి. సూది గుచ్చిన మాట గాయత్రే ఒప్పుకుంది. గణేశ్ ఆళ్లగడ్డ స్టేషనుకు పోయి కేసు పెట్టాడు. జీవరత్నం అప్పుడు యాగంటిలో శివరాత్రి జనాన్ని క్యూలో నిలబెడుతున్నాడు. తిరిగొచ్చేసరికి డీఎస్పీ కేసును ఓబులేసు చేతిలో పెట్టేశాడు.

టీ అయిపోయింది, మంట తగ్గలేదు. జీవరత్నం తిన్నగా డీఎస్పీ ఇంటికి పోయి, తన పరిధిలో జరిగిన చావు, ఒక్కసారి తననూ చూడనివ్వమని అడిగాడు. మధ్యాహ్నం రెండింటికి ఓబులేసు వచ్చి ఆయమ్మను అరెస్టు చేస్తాడు, ఆలోపల ఏం చూసుకుంటావో చూసుకో అన్నాడు డీఎస్పీ. ఒక ఆడకూతురు జైలుకు పోకుండా కాపాడాలని జీవరత్నం అంత పొద్దున్నే పరుగెత్తాడనుకుంటే పొరపాటు. ఓబులేసు తప్పు అని తేలితే చాలు, ఆ మొహం వాడిపోతే చాలు, అంతే ఆయన కోరిక.

పదింబావుకు నర్సింగ్ హోం చేరాడు. కాజువాలిటీ అంటే కింది అంతస్తులో ఒక గది. స్ట్రెచరు, మందుల బీరువా, మూలన చక్రాల బల్ల మీద ప్లాస్టిక్ గుడ్డ కప్పిన ఎకో మిషను. గుండెను తెర మీద చూపించే ఆ మిషను నెత్తిన పసుపూ కుంకుమా ఎండిపోయి ఉన్నాయి. దాని పైన గోడ గడియారం, గడియారం కింద అద్దం కట్టిన ఒక నలుపు తెలుపు బొమ్మ. జీవరత్నం గుడ్డ తీయించి మిషను ఆన్ చేయించాడు. తెర మూలన టైము పది ఇరవై రెండు. గోడ గడియారం పది ఇరవై రెండు. తన చేతి గడియారమూ అంతే. మూడూ ఒకే మాట మీద ఉన్నాయి, ఆయనకు చిరాకేసింది.

ఎందుకు చిరాకంటే, ఓబులేసు కేసంతా టైము మీదే నిలబడి ఉంది. నర్సు మమత గోడ గడియారం చూసి షీట్లో మూడు టైములు రాసింది. పదకొండూ పదికి మనిషిని తెచ్చారు. పదకొండూ ఇరవైకి సూది గుచ్చారు. పదకొండూ యాభైకి పోయాడు. ఇక మిషనులో దాచిన బొమ్మ ఉంది, గుండె చుట్టూ రక్తం కనబడే బొమ్మ. దాని మూలన పడిన టైము పదకొండూ నలభై నాలుగు. అంటే సూది దిగిన ఇరవై నాలుగు నిమిషాలకు గాని రక్తం కనబడలేదు. సూదే గుండెకు చిల్లి పొడిచింది, ఆ తర్వాత రక్తం చేరింది, తప్పు కప్పిపుచ్చుకునేదానికి బొమ్మ తీసింది అంటాడు ఓబులేసు. నిన్న గురువారం ఇద్దరు సాక్షులను నిలబెట్టి మిషను టైమును తన వాచీతో సరిచూసుకున్నాడు కూడా. జీవరత్నం దగ్గర నేర్చుకున్న పద్ధతే అది.

గాయత్రిని పిలిపించాడు. కోయిలకుంట్ల అమ్మాయి, మద్రాసులో చదువుకొచ్చింది, ముప్పై దాటి ఉంటాయి. మూడు రాత్రులు నిద్ర లేని మొహం. జరిగిందంతా పూస గుచ్చినట్టు చెప్పింది. మద్దిలేటిని స్ట్రెచరు మీదికి ఎక్కించేసరికే నాడి లేదు, ఊపిరి లేదు. వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టారు. రెండేసి నిమిషాలు నొక్కి, నాడి తిరిగొచ్చిందేమో చూసేదానికి పది సెకన్లు మాత్రం ఆపుతారు. అంతకంటే ఆపితే మనిషి పోతాడు. ఆ పది సెకన్లలోనే ఆమె రొమ్ముటెముక కింద మిషను తీగకుండే ప్రోబ్ ఆనించి తెర చూసింది. మమత పైకి లెక్కపెట్టింది. పది అనగానే తీసేసి మళ్లీ నొక్కించింది.

"ఆ పది సెకన్లలో ఏం కనపడిందమ్మా?" అన్నాడు జీవరత్నం.

"మెడకాడ నాడి లేదు సార్. మామూలుగా అయితే గుండె ఆగిపోయిందనుకుంటాం. తెర మీద చూస్తే ఆగల్యా. కొంచెం కొంచెం కదలతాండాది, పీక నొక్కినట్టు. చుట్టూ నల్లగా ఉంగరం మాదిరి ఉండాది. గుండెకు ఒక తిత్తి ఉంటుంది సార్, దాంట్లో రక్తం నిండుకొని గుండెను అదిమేస్తాంది. దాన్ని తీయకపోతే ఎంత నొక్కినా లాభం లేదు."

అందుకే సూది గుచ్చింది. నలభై మిల్లీలీటర్ల రక్తం లాగింది. లాగీ లాగగానే మెడకాడ నాడి తగిలింది, ఆరు నిమిషాలు నిలబడింది, మళ్లీ రక్తం చేరింది. గుండె కోసి కుట్టే డాక్టర్లు కర్నూలులో ఉన్నారు, అంబులెన్సు గేటు దాటకముందే మనిషి పోయాడు. ఆ ఆరు నిమిషాల మాట ఆమె రెండుసార్లు చెప్పింది. తనను జైల్లో పెడతారన్న బెంగ కంటే ఆ ఆరు నిమిషాలే ఆమెను తినేస్తున్నాయని జీవరత్నానికి అర్థమైంది.

"ఎన్నిసార్లు గుచ్చినావు?"

"ఒక్కసారే. రొమ్ముటెముక కింద."

"రెండో గుర్తు ఎడమ రొమ్ము పక్కన ఉండాదంటగదా."

"అది నాది కాదు సార్. బొమ్మ తీసింది కూడా సూదికి ముందే. మీరు నమ్మే ఏసు మీద ఒట్టు వేయమన్నా వేస్తా, మీ దేవుడు మా దేవుడు అని లేదు నాకు."

మరి మిషను టైము అట్లా ఎందుకు పడిందంటే తెలియదంది. సంక్రాంతి ముందు పనిలో చేరిందట. తెర మీద గుండెను చూస్తాం గాని మూలన టైమును ఎవరు చూస్తారు అంది. అబద్ధం చెప్పే మనిషైతే ఇంతకంటే మంచి జవాబు కట్టుకొచ్చేది. ఆయనకు నమ్మకం కుదిరింది, కానీ నమ్మకం చూపిస్తే ఓబులేసు ఊరుకుంటాడా.

ఆమెను పంపేసి గదిని మళ్లీ మొదట్నుంచి చూశాడు. స్ట్రెచరు కింద, బీరువా వెనుక ఏమీ లేదు. చివరికి గోడ మీది అద్దం బొమ్మ దగ్గర ఆగాడు. అదేం బొమ్మ అని మమతను అడిగితే ఆ అమ్మాయి నవ్వింది. అది పెద్ద డాక్టరు ఆదినారాయణ సారు గుండెనట. దీపావళి తర్వాత శుక్రవారం మిషను వచ్చిందట. మొదటి బొమ్మ ఆయనదే తీయాలని పట్టుబట్టి, పూజ చేయించి, చొక్కా విప్పి పడుకున్నాడట. అప్పటికి గాయత్రి లేదు గదా, ఎవరు తీశారంటే, మిషను తెచ్చిన కంపెనీ పిల్లోడే తీశాడంది. పాపం ఆ పిల్లోడు భోజనం కూడా చేయలేదు, పన్నెండు గంటల కర్నూలు ఎక్స్‌ప్రెస్ పట్టుకోవాలని ఒకటే తొందర. తనే పులిహోర పొట్లం పట్టుకొని బస్టాండు దాకా పోయి, బస్సు కదులుతుంటే కిటికీలోంచి అందించిందట.

జీవరత్నం బొమ్మకు మొహం ఆనించి మూలన అంకెలు చదివాడు. పన్నెండూ ఐదు.

"బస్సు పన్నెండుకే కదిలిందా, లేటుగా కదిలిందా?"

"కరెక్టుగా పన్నెండుకే సార్. బస్టాండు గడియారం చూసినా."

పన్నెండు గంటలకు బస్సెక్కినవాడు పన్నెండూ ఐదుకు బొమ్మ ఎట్లా తీశాడు? జీవరత్నానికి ఒళ్లంతా ఉషారు పుట్టుకొచ్చింది. చేయించిన కాఫీ కూడా తాగకుండా పెద్ద డాక్టరు గదికి నడిచాడు.

ఆదినారాయణకు అరవై ఉంటాయి. ఇరవై ఎనిమిదేళ్లుగా నంద్యాల చుట్టుపక్కల గుండెనొప్పి అంటే ఆయనే. చేయి చల్లన అని పేరు. రాహుకాలంలో కత్తి పట్టడని, అమావాస్యనాడు కొత్త మందు మొదలుపెట్టడని కూడా పేరు. జీవరత్నం పేషంటు కుర్చీలో కూర్చొని, ఎదురుగా వేలాడే క్యాలెండరు చూస్తూ అడిగాడు. మిషనుకు పూజ చేసింది శుక్రవారం గదా, శుక్రవారం రాహుకాలం పదిన్నర నుంచి పన్నెండు దాకా గదా, మరి పన్నెండు బస్సుకు పోయిన పిల్లోనితో మీరు మొదటి బొమ్మ ఎప్పుడు తీయించారు అని. బస్సు లేటై ఉంటుందన్నాడు డాక్టరు. లేటు కాలేదు, మమత పులిహోర ఇచ్చొచ్చింది అన్నాడు జీవరత్నం. ఆ పిల్ల మర్చిపోయి ఉంటుందన్నాడు. అయితే కర్నూలులో ఆ కంపెనీ పిల్లోనికే ఫోను చేద్దాం పదండి అన్నాడు జీవరత్నం.

డాక్టరు బల్ల మీది స్టెతస్కోపును పక్కకు జరిపాడు. తర్వాత సొరుగు లాగి పూజనాటి ఆల్బం తీసి ముందుకు తోశాడు. మూడో ఫోటోలో కొబ్బరికాయ, హారతి, వెలుగుతున్న తెర, పైన గోడ గడియారం అన్నీ పడ్డాయి. డాక్టరు భూతద్దమే అడిగి తీసుకొని జీవరత్నం చూశాడు. గోడ మీద పదకొండూ ముప్పై ఐదు. తెర మూలన పన్నెండూ ఐదు.

"అర్ధగంట ముందుకు తిప్పించినారు."

"ఆ పిల్లోడు ఆగనంటాండె. రాహుకాలంలో మొదటి బొమ్మ పడగూడదని నేనే తిప్పమన్నా. తర్వాత ఎవురూ సరిచేయల్యా."

రాహుకాలం దాటించేందుకు గడియారాన్నే దాటించిన భక్తిని జీవరత్నం ఇంకో రోజైతే నలుగురిలో చెప్పి నవ్వేవాడు. ఇప్పుడు మనసులో తీసివేత వేసుకున్నాడు. పదకొండూ నలభై నాలుగులో అర్ధగంట తీసేస్తే పదకొండూ పద్నాలుగు. సూది దిగింది ఇరవైకి. సూదికి ఆరు నిమిషాల ముందే రక్తం ఉంది. గాయత్రి చెప్పింది అక్షరాలా నిజం. అయితే ఇప్పుడు మిషను టైము కరెక్టుగా ఎందుకుంది?

అది అడిగేసరికి ఆదినారాయణ తల దించుకున్నాడు. బుధవారం తనే సరిచేశాడట. బొమ్మ మీద టైము చూడగానే పొరపాటు తెలిసింది, సరిచేయాలి గదా అని సరిచేశాడు. గురువారం ఓబులేసు వచ్చి వాచీ పెట్టి చూస్తున్నప్పుడు పక్కనే నిలబడి ఉన్నాడు. ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు.

"ఎందుకు అనల్యా సార్?"

"ఇరవై ఎనిమిదేండ్లు ఈ ఊరి గుండెలన్నీ నా చెవితో విన్నా జీవరత్నం. మిషను నా దుడ్లతో కొంటి. నా గుండె బొమ్మ నాకే చదవను రాదు. గోస్పాడు నుంచి ఆటోలో వచ్చినోళ్లు గూడా నా గది దాటుకొని పోయి, స్కానింగ్ డాక్టరమ్మ యాడ అంటాండారు. నా ఎదురుగానే అంటాండారు. ఊరిడిచి పోతుందిలే అనుకున్నా. జైలు దాకా పోతుందనుకోల్యా."

జీవరత్నం ఆయనను నాలుగు కడిగేద్దామని నోరు తెరిచి, మూసుకున్నాడు. ఆ మాటల్లో డాక్టరు తీసేసి పోలీసు అని పెడితే అన్నీ తనవే. పొద్దున పేపరు మీద కూర్చున్నవాడు ఈయనను ఏమని తిడతాడు? సిగ్గేసింది ఆయనకు, నిజంగానే సిగ్గేసింది. కానీ ఆ సిగ్గు వెనకాలే, రెండింటికి ఓబులేసు మొహం ఎట్లా ఉంటుందో అన్న సంబరం తోసుకొచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది. డాక్టరు చేత అంతా కాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నాడు.

ఇంకొకటి మిగిలింది, రెండో గుర్తు. మద్దిలేటి బట్టలు ఎవరు విప్పారని అడిగితే ఆయా ఈరమ్మను చూపించారు. నల్లమలలో గూడెం నుంచి వచ్చి నంద్యాలలో ఇరవై ఏళ్లుగా ఉంటున్న ముసలామె. మెట్ల మీద కూర్చొని ఆకు వక్క నములుతోంది. జీవరత్నం పక్కనే కూర్చున్నాడు. చొక్కా గుండీలు తనే తీశానంది, బనియన్ను తనే కత్తెరతో కోశానంది. అప్పటికి డాక్టరమ్మ ఇంకా చేతులకు గ్లౌజులు కూడా వేసుకోలేదు.

"ఎడమ రొమ్ము పక్కన చుక్క ఉండె నాయనా. ముళ్లపంది ముల్లు దిగినట్ట. మా గూడెంలో అట్ల దిగి చచ్చిన కుక్కలను చూసినా. పైన ఏం కనపడదు, నెత్తురంతా లోపలికే పోతాది. బనియన్ మీద జొన్నగింజంత మరక, అంతే."

ఈ మాట ముందే ఎందుకు చెప్పలేదంటే, నన్ను ఎవురడిగినారు నాయనా అంది. నిజమే. ఓబులేసు డాక్టర్లను అడిగాడు, నర్సులను అడిగాడు, ఆయాను ఎవరడుగుతారు. పోయినవాళ్ల కోసిన బట్టలు ఆయాలే తీసుకుపోయి తడిగుడ్డలకు వాడుకోవడం అక్కడ మామూలు. ఆ బనియన్ కూడా ఇంట్లోనే ఉందట. మూడు రోజులుగా కొళాయికి నీళ్లు రాలేదు కాబట్టి ఉతకనూ లేదు. ఇల్లు గోస్పాడు రోడ్డులో, దుంగలు కోసే సా మిల్లు వెనక రేకుల ఇల్లు. రెండింటికి డ్యూటీ దిగి పోతానంది.

టైము ఒంటిగంటా నలభై. ముసలామెను అప్పుడే జీపులో ఎక్కించుకొని పోయి బనియన్ తెచ్చుకొని ఉంటే అరగంట పని. అట్లా చేయాలని జీవరత్నానికి తెలుసు. కానీ ఆ అరగంటలో ఓబులేసు వచ్చేస్తే? తను లేనప్పుడు వాడొచ్చి ఆల్బం చూసి, తనే కనిపెట్టినట్టు పేపరోళ్లకు చెప్పేస్తే? వాడు గుమ్మంలో అడుగు పెట్టే క్షణం తను ఇక్కడే ఉండాలి. బనియన్ యాడికి పోతుందిలే అనుకొని, ఈరమ్మను వెళ్లేముందు కనపడమని చెప్పి, కాజువాలిటీ గదిలో కుర్చీ వేయించుకొని కూర్చున్నాడు.

ఓబులేసు సరిగ్గా రెండింటికి వచ్చాడు. ఇస్త్రీ మడత నలగని యూనిఫారం, వెనుక ఒక లేడీ కానిస్టేబులు. డాక్టరును గుర్తుపట్టి చూపించేందుకు గణేశ్‌ను కూడా రమ్మన్నాడు, అతను తన జీపులో వెనకాలే వచ్చాడు. గణేశ్ తెల్లచొక్కా వేసుకొని, గడ్డం పెంచుకొని, గుమ్మం పక్క బెంచీ మీద అణగి కూర్చున్నాడు. జీవరత్నం అతని వైపు ఒక్కసారి చూశాడు, మళ్లీ చూడలేదు. ఆయన కళ్లన్నీ ఓబులేసు మీదే ఉన్నాయి.

"ఏందన్నా, నా కేసులోకి వచ్చినావంట" అన్నాడు ఓబులేసు నవ్వుతూ.

"నీ కేసు ఇంగ లేదు ఓబులేసూ. కూర్చో."

గాయత్రిని పిలిపించాడు, ఆదినారాయణను పిలిపించాడు, మమతను గుమ్మంలో నిలబెట్టాడు. వినేవాళ్లు ఎంతమంది ఉంటే అంత రుచి. మొదట అద్దం బొమ్మ చూపించాడు, తర్వాత పన్నెండు గంటల బస్సు, తర్వాత ఆల్బం, చివరికి డాక్టరు సంతకం. ఒక్కొక్కటి బల్ల మీద పెట్టి, మధ్యలో ఆగి, ఓబులేసు మొహం చూసి, మళ్లీ చెప్పాడు. ఓబులేసు ఊరికే ఉండలేదు. ఫోటోలో అంకెలు మసకగా ఉన్నాయన్నాడు. డాక్టరు తన నర్సింగ్ హోం పేరు కాపాడుకునేందుకు మాట మారుస్తున్నాడన్నాడు. టైము సంగతి అట్లుంచి, ఛాతీ మీద రెండు గుర్తులకు ఏం చెప్తావన్నాడు. రెండుసార్లు గుచ్చకపోతే రెండో బొక్క ఆకాశం నుంచి ఊడిపడిందా అని ఎకసెక్కంగా అడిగాడు.

ఆ ఎకసెక్కమే కొంప ముంచింది. జీవరత్నం లేచి నిలబడ్డాడు.

"రెండో బొక్క సూదిది గాదు, దబ్బనానిది. మద్దిలేటి గోడౌన్లో శనగల గోతాలు కుట్టే దబ్బనం. ఆయప్ప ఈడికి రాకముందే పొడిచినారు. బట్టలు కోసిన ఈరమ్మ కళ్లారా చూసింది. నెత్తురు మరక ఉన్న బనియన్ సా మిల్లు వెనక ఆమె రేకుల ఇంట్లో ఉండాది, ఉతకను గూడా ఉతకల్యా. నువ్వు మూడు రోజులు పేపరోళ్లతో మాట్లాడినావు గాని ఆయాతో ఒక్క మాట మాట్లాడినావా?"

చెప్పేశాక ఒళ్లంతా తేలికైంది. పద్నాలుగేళ్ల అక్కసు ఒక్క గుక్కలో దిగిపోయింది. గాయత్రి రెండు చేతుల్లో మొహం దాచుకొని ఏడుస్తోంది. జీవరత్నం ఓబులేసు మొహం వాడిపోవడం కోసం చూస్తున్నాడు.

అది వాడిపోలేదు. ఓబులేసు టోపీ తీసి బల్ల మీద పెట్టి, ఆల్బం దగ్గరికి లాక్కొని, భూతద్దంతో నిదానంగా ఆ ఫోటోనే చూశాడు. రెండుసార్లు చూశాడు. తర్వాత గాయత్రి వైపు తిరిగి, తప్పు నాదేనమ్మా, ఈ పూటే డీఎస్పీకి చెప్తా అన్నాడు. ఎంత సులభంగా అనేశాడు ఆ మాట. తనైతే అనగలడా అని జీవరత్నానికి అనుమానం వచ్చింది, ఆ అనుమానంతో పాటే కొత్త మంట మొదలైంది. ఓడిపోవడంలో కూడా వాడిదే పైచేయి.

ఓబులేసు ఆల్బం మూసి జీవరత్నం వైపు తిరిగాడు.

"సరేన్నా. డాక్టరమ్మ చంపల్యా. మరి ఎవురు చంపినారు?"

పొద్దున పది నుంచి రెండు దాకా జీవరత్నం బస్సులు, గడియారాలు, బనియన్లు అన్నీ వెతికాడు. ఓబులేసు ఎక్కడ తప్పు చేశాడో వెతికాడు. పొడిచినవాడెవడని ఒక్కసారి కూడా అనుకోలేదు. ఆ ప్రశ్నే ఆయనకు తట్టలేదు.

"హమాలీలు జీపులో ఎక్కించింది తొమ్మిదిన్నరకు అని నా స్టేట్‌మెంట్లో ఉండాది" అన్నాడు ఓబులేసు మెల్లగా, తనకు తనే లెక్క చెప్పుకుంటున్నట్టు. "ఈడ దించింది పదకొండూ పదికి. గంట దోవ అన్నా అది. మిగిలిన నలభై నిమిషాలు జీపు యాడ ఉండాది? నేను అడగల్యా. నువ్వు అడిగినావా?"

అప్పుడు ఇద్దరూ ఒక్కసారే గుమ్మం పక్క బెంచీ వైపు చూశారు. బెంచీ ఖాళీగా ఉంది.

జీవరత్నం గోడ గడియారం చూశాడు. రెండూ ఇరవై రెండు. గణేశ్ ఎప్పుడు లేచి పోయాడని అడిగాడు. గుమ్మంలో నిలబడిన మమత, ఈరమ్మ పేరు వచ్చినప్పుడే లేచి పోయాడంది, మీరు పంపారనుకున్నానంది. ఈరమ్మ ఏదని ఓబులేసు అడిగాడు.

"డ్యూటీ దిగింది సార్. ఆయప్పే జీపులో ఎక్కించుకొని పాయె. బనియన్ తెమ్మని జీవరత్నం సార్ చెప్పినాడు రామ్మా అన్నాడు, గుమ్మంలో ఉండి నేనే విన్నా. సారు పేరు చెప్పినాడని ఆమె ఎక్కింది."

ఓబులేసు అప్పటికే గేటు వైపు పరుగెత్తుతున్నాడు. జీవరత్నం వెనకాలే పోయి వాచ్‌మన్ భుజం పట్టుకొని, జీపు ఏ పక్క పోయిందని అడిగాడు. వాచ్‌మన్ ఎడమ చేయి చాపి ఆళ్లగడ్డ రోడ్డు చూపించాడు.

ఈరమ్మ ఇల్లు ఆ దోవలో లేదు.